మార్కప్ పత్రాల రచనకు తెలుగు స్పెల్‌చెకర్ ఎంపిక: నిజాంసాగర్ స్థానిక చరిత్ర పాఠం ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం:

టెక్స్ట్ ఎడిటర్‌లో ట్యాగులతో కూడిన పత్రాలు రాసేవారికి స్పెల్‌చెకర్ ఎంపిక గురించి లభించే సలహాలు ఎక్కువగా ఇంగ్లీషును దృష్టిలో ఉంచుకొని చెప్పినవి. పరికరం ట్యాగులను వదిలి పాఠాన్ని మాత్రమే చదవగలదా అన్నది వాటిలో ప్రధాన ప్రశ్న. తెలుగులో అసలు కష్టం మరోచోట ఉంది. నామానికి చేరే విభక్తి ట్యాగుకు వెలుపల పడి ఒకే పదం రెండు ముక్కలవుతుంది. కంటికి కనిపించని ఒక సంకేతం పదం మధ్యలో నిలుస్తుంది. ఒక్కొక్క నామానికి పదుల సంఖ్యలో రూపాలు ఏర్పడతాయి. ఈ మూడింటినీ పరిగణనలోకి తీసుకొని, నిజాంసాగర్ ప్రాంత చరిత్రకు సంబంధించిన పదజాలాన్ని ఉదాహరణగా గ్రహించి, తెలుగు రచయితకు ఉపయోగపడే ఎంపిక ప్రమాణాలను ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్పెల్‌చెకర్, మార్కప్, టెక్స్ట్ ఎడిటర్, హన్‌స్పెల్, పదవిభాగం, విభక్తి ప్రత్యయాలు, యూనికోడ్, స్థానిక చరిత్ర, నిజాంసాగర్.

1. ఉపోద్ఘాతం:

గ్రామచరిత్రలు, శాసనపాఠాలు, పాత పుస్తకాల పునర్ముద్రణలు ఇప్పుడు ఎక్కువగా మార్కప్ పత్రాలుగా తయారవుతున్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలోని ప్రతి వ్యాసం వికీ మార్కప్‌లో ఉంటుంది. పరిష్కృత గ్రంథాల డిజిటల్ ప్రతులకు టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ రూపొందించిన ఎక్స్‌ఎమ్‌ఎల్ ట్యాగులను వాడుతున్నారు. పరిశోధన వ్యాసాలకు లేటెక్‌ను, వెబ్ ప్రచురణకు మార్క్‌డౌన్‌ను ఎంచుకొనేవారూ ఉన్నారు. వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటే. రచయిత సాదా అక్షరాలతో ఉన్న ఫైలును టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, పాఠంతోపాటు దాని నిర్మాణాన్ని తెలిపే సంకేతాలను కూడా తానే రాస్తాడు.

ఇటువంటి పత్రంలో అక్షరదోషానికి విలువ ఎక్కువ. ముద్రిత పుస్తకంలో ఊరిపేరు ఒకచోట తప్పుగా పడితే పాఠకుడు సరిదిద్దుకొని చదువుకుంటాడు. డిజిటల్ పత్రంలో ఆ ఊరి కోసం వెదికే యంత్రానికి ఆ పుట కనబడదు. దోషాన్ని పట్టుకోవలసిన పరికరమే పాఠాన్ని పాడుచేసే ప్రమాదమూ ఉంది. తెలంగాణలో చెరువు నీరు నిలిచే భూమిని శిఖం అంటారు. నిఘంటువులో ఈ మాట లేకపోతే, ఒక్క అక్షరం తేడాతో ఉన్న 'శిఖరం' అనే మాటను పరికరం సూచించడం సహజం. తొందరలో దానిని అంగీకరిస్తే 'చెరువు శిఖం' కాస్తా 'చెరువు శిఖరం' అవుతుంది. భూమి స్వభావాన్ని తెలిపే మాట చరిత్ర పాఠం నుండి తొలగిపోతుంది.

ఇక మూడవ ప్రమాదం తరచుగా ఎదురయ్యేది. సరైన పదాల కిందే ఎర్రగీతలు పుట నిండా కనిపిస్తే రచయిత స్పెల్‌చెకర్‌ను ఆపివేస్తాడు. అప్పుడు నిజమైన దోషాలను చెప్పేవారు ఉండరు. కాబట్టి ఎంపికలో మొదటి ప్రశ్న నిఘంటువు పెద్దదా చిన్నదా అన్నది కాదు. ఆ పరికరం తెలుగు పదాన్ని పదంగా గుర్తించగలదా అన్నది.

ఉదాహరణల కోసం నిజాంసాగర్‌ను తీసుకోవడానికి కారణం ఉంది. బాన్సువాడకు సమీపంలో, గోదావరికి ఉపనది అయిన మంజీరపై ఉన్న ఈ జలాశయం హైదరాబాదు సంస్థానపు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరుగా, 1923-1931 మధ్య నిర్మాణమైంది. దీని చరిత్ర రాసేటప్పుడు ఉర్దూ, ఫారసీ మూలాల పేర్లు, హలంతమైన ఊరిపేర్లు, నీటిపారుదల మాటలు, అంకెలు ఒకే వాక్యంలో కలిసి వస్తాయి. తెలుగు స్పెల్‌చెకర్‌కు ఎదురయ్యే చిక్కులన్నీ ఇక్కడ కనిపిస్తాయి.

2. మార్కప్ పత్రంలో స్పెల్‌చెకర్ చేసే పని:

స్పెల్‌చెకర్ పనిని మూడు దశలుగా విడదీసి చూడాలి. మొదటిది వడపోత: పత్రంలో ఏ భాగం పాఠమో, ఏది ట్యాగో, ఏది చిరునామానో, ఏది గణిత సూత్రమో తేల్చుకోవడం. రెండవది పదవిభాగం: మిగిలిన పాఠాన్ని పదాలుగా కత్తిరించడం. మూడవది నిర్ణయం: ప్రతి పదాన్ని నిఘంటువుతో, ప్రత్యయసూత్రాలతో పోల్చి సరైనదో కాదో చెప్పడం. దోషమని తేలితే సూచనలు ఇవ్వడం దీనికి కొనసాగింపు.

వడపోతలో వదలవలసినవాటితోపాటు వదలకూడనివి కూడా ఉంటాయి. ట్యాగు పేర్లు, ఫైళ్ల పేర్లు, వెబ్ చిరునామాలు, ఉల్లేఖన సంకేతాలు పరిశీలనకు రాకూడదు. చిత్రం కింది వ్యాఖ్య, అధస్సూచిక, చిత్రానికి ప్రత్యామ్నాయంగా ఇచ్చే వివరణ తప్పక రావాలి. ఈ చివరిది హెచ్‌టిఎమ్‌ఎల్‌లో ట్యాగు లోపలే ఉంటుంది. ట్యాగును మొత్తంగా వదిలేసే మొరటు వడపోత దానిని కూడా వదిలేస్తుంది. గ్నూ ఆస్పెల్‌లోని హెచ్‌టిఎమ్‌ఎల్ పద్ధతి ఈ తేడాను పాటిస్తుంది. దాని టెక్ పద్ధతిలో ఏ ఆదేశానికి ఏ భాగం పాఠమో పట్టికగా చెప్పుకొనే సదుపాయం ఉంది.

ఇంగ్లీషు రచయితకు ఈ దశ కీలకం, ఎందుకంటే అక్కడ పాఠమూ ట్యాగూ ఒకే లిపిలో ఉంటాయి. తెలుగు రచయితకు లిపే సగం వడపోత చేసిపెడుతుంది. రోమన్ లిపిలో ఉన్నదంతా వదిలి తెలుగు లిపిలో ఉన్నదే పరిశీలించమంటే ట్యాగుల్లో అధికభాగం వాటంతట అవే తప్పుకుంటాయి. అయితే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ట్యాగు పేర్లను తెలుగు లిపిలోనూ పెట్టుకోవచ్చు. వికీలో మూసల పేర్లు, వర్గాల పేర్లు తెలుగులోనే ఉంటాయి. అటువంటి పత్రాలకు ట్యాగును గుర్తించే వడపోత అవసరం. మొత్తం మీద మొదటి దశ తెలుగుకు పరిష్కారమైన సమస్యే. మిగిలిన రెండు దశలను విడిగా పరిశీలించాలి.

3. పదం ఎక్కడ ముగుస్తుంది?

ఖాళీకి, ఖాళీకి మధ్య ఉన్నది పదం అన్న నిర్వచనం మార్కప్‌లో నాలుగుచోట్ల విఫలమవుతుంది.

3.1 ట్యాగు సరిహద్దు:

ఊరిపేరును గుర్తుపెట్టే పత్రంలో ఈ కింది రూపాలు సాధారణంగా కనిపిస్తాయి.

<ఊరు>నిజాంసాగర్</ఊరు>‌లో
[[నిజాంసాగర్ మండలం|నిజాంసాగర్]]‌లోని
మంజీరపై

పాఠకుడికి ఇవి 'నిజాంసాగర్‌లో', 'నిజాంసాగర్‌లోని', 'మంజీరపై' అనే ఏకపదాలు. స్పెల్‌చెకర్‌కు మాత్రం ట్యాగు వద్ద పదం తెగి, 'లో', 'లోని', 'పై' అనే ముక్కలు విడిగా అందుతాయి. ఇంగ్లీషులో విభక్తి స్థానంలో వచ్చే మాట నామానికి ముందు, ఖాళీతో వేరుగా ఉంటుంది కనుక ఈ చిక్కు అరుదు. తెలుగులో ప్రతి రెండవ వాక్యంలో ఇది ఎదురుకావచ్చు.

ముక్కలను ఏమి చేయాలి? 'లో', 'కు', 'ని', 'తో' వంటివాటిని నిఘంటువులో స్వతంత్ర పదాలుగా చేర్చితే ఎర్రగీతలు పోతాయి. కాని 'చెరువు లో', 'ఊరి కి' అని విడదీసి రాసిన దోషాలకు కూడా అనుమతి లభిస్తుంది. పైగా, 'పొలం' అనే మాట ట్యాగులో ఉండి 'ని' బయట ఉంటే 'పొలంని' అనే అసాధురూపం రెండు సరైన ముక్కలుగా కనిపించి తప్పించుకుంటుంది. 'పొలాన్ని' అనవలసినచోట జరిగిన దోషాన్ని పరికరం చూడలేదు.

దీనికి స్థిరమైన పరిష్కారం మార్కప్ పద్ధతిలోనే ఉంది. విభక్తితో కూడిన పూర్తి పదాన్ని ట్యాగులో ఉంచి, ప్రాతిపదికను లక్షణంగా ఇవ్వాలి.

<ఊరు మూలం="నిజాంసాగర్">నిజాంసాగర్‌లో</ఊరు>
[[నిజాంసాగర్ మండలం|నిజాంసాగర్‌లోని]]

ఇప్పుడు పదం తెగదు. ఊరిపేరు ఏ విభక్తిలో ఉన్నా సూచిక తయారుచేసేవారికి ప్రాతిపదిక దొరుకుతుంది. స్పెల్‌చెకర్ 'పొలంని' వంటి రూపాన్ని పూర్తిగా చూసి అభ్యంతరం చెప్పగలదు. ఒక్క నియమం మూడు ప్రయోజనాలను ఇస్తుంది. ఇది రచన మొదట్లోనే తీసుకోవలసిన నిర్ణయం. వందల పుటలు పూర్తయ్యాక మార్చడం కష్టం.

3.2 కనిపించని విభాజకం:

'నిజాంసాగర్' హలంతం. దానికి 'లో' చేర్చి నేరుగా రాస్తే పొల్లు, తరువాతి హల్లు కలిసి 'నిజాంసాగర్లో' అని ఒత్తుగా మారుతుంది. మధ్యలో యూనికోడ్‌లోని సున్న వెడల్పు విభాజకాన్ని ఉంచితే 'నిజాంసాగర్‌లో' అని పొల్లు నిలుస్తుంది. ఊరిపేర్లు, అన్యదేశ్యాలు అధికంగా ఉన్న రచనలో ఈ సంకేతం అడుగడుగునా వస్తుంది.

యూనికోడ్ వర్గీకరణలో ఇది అక్షరం కాదు, రూపాన్ని నియంత్రించే సంకేతం. 'ఇది అక్షరమేనా' అని మాత్రమే అడిగే పదవిభాగం ఇక్కడ ఆగి పదాన్ని రెండు చేస్తుంది. హన్‌స్పెల్ నిఘంటువులోని ప్రత్యయ ఫైలులో, పదంలో భాగంగా భావించవలసిన అదనపు సంకేతాలను ప్రకటించే 'వర్డ్‌చార్స్' అనే ఆదేశం ఉంది. అందులో ఈ విభాజకాన్ని చేర్చాలి. ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. కత్తిరింపు రెండుచోట్ల జరుగుతుంది. ఈమాక్స్ వంటి ఎడిటర్ మొదట తానే పదాన్ని గుర్తించి స్పెల్‌చెకర్‌కు పంపుతుంది. హన్‌స్పెల్ వాడేటప్పుడు పై ఆదేశంలోని సంకేతాలనే ఈమాక్స్ కూడా గ్రహిస్తుంది కనుక ఒకచోట సవరిస్తే రెండింటికీ సరిపోతుంది. ఇతర ఎడిటర్లలో ఈ రెండు స్థాయిలనూ వేర్వేరుగా పరీక్షించాలి.

కనిపించని తేడాల్లో ఐత్వం కూడా ఒకటి. ఐత్వగుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, ఎత్వం, దాని కింది గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. ఈ రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణం చెబుతుంది. తెరపై రెండూ ఒకేలా కనిపిస్తాయి. సంకేతాలను యథాతథంగా పోల్చే పరికరం మాత్రం ఒకదానిని దోషమంటుంది. పాత ఫాంట్ల నుండి మార్చిన పాఠాలనూ, ముద్రిత ప్రతుల నుండి యంత్రం గుర్తించి ఇచ్చిన పాఠాలనూ స్పెల్‌చెకర్‌కు ఇచ్చే ముందు యూనికోడ్ ప్రమాణీకరణ జరపడం వల్ల ఇటువంటి వృథా హెచ్చరికలు తొలగుతాయి.

3.3 అంకెలు:

'1923లో', '1931నాటికి', '20వ' వంటి రూపాల్లో ప్రత్యయం అంకెకు అంటుకొని ఉంటుంది. అంకె వద్ద పదం తెగితే మళ్లీ 'లో', 'నాటికి', 'వ' మిగులుతాయి. ఇక్కడ మార్కప్ సహాయం చేయదు. అంకెతో మొదలయ్యే పదాన్ని మొత్తంగా వదిలేసే సదుపాయం పరికరంలో ఉండాలి. ఆ మేరకు కొన్ని దోషాలు తప్పించుకున్నా నష్టం స్వల్పం.

3.4 పుటలు, పంక్తుల మార్పు:

పాత గ్రంథాన్ని యథాతథంగా ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఎక్కించేటప్పుడు మూలప్రతిలోని పుట ఎక్కడ మారిందో గుర్తిస్తారు. పుట పదం మధ్యలో మారితే పాఠం ఇలా ఉంటుంది.

ఆయ<పుట సంఖ్య="12"/>కట్టు

టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ నియమావళిలో, ఆ గుర్తు వద్ద పదం తెగలేదని చెప్పే ప్రత్యేక లక్షణం ఉంది. రాసేటప్పుడు పనిచేసే సాధారణ స్పెల్‌చెకర్లు దీనిని పాటిస్తాయని ఆశించలేము. ఇటువంటి పత్రాలకు రెండు విడతల పరిశీలన అవసరం. రాసేటప్పుడు ఎడిటర్‌లో ఒకసారి, ట్యాగులను తొలగించి ముక్కలను కలిపిన సాదా పాఠంపై చివరగా మరొకసారి పరిశీలించాలి.

4. పదపట్టిక చాలదు, ప్రత్యయసూత్రాలు కావాలి:

పదాన్ని సరిగా కత్తిరించాక నిర్ణయదశ వస్తుంది. తెలుగు నామానికి ఎన్ని రూపాలు ఉంటాయో లెక్కించి చూడవచ్చు. 'చెరువు' అనే మాటకు ప్రథమతోపాటు ను, కు, తో, లో, పై, నుండి చేరిన రూపాలు కలిపి 7. ఏకవచన బహువచనాలకు కలిపి 14. వీటిలో ప్రతిదానికి ఏమీ చేరకుండా, అవధారణార్థకమైన ఏకారంతో, సముచ్చయార్థకమైన ఊకారంతో, ప్రశ్నార్థకమైన ఆకారంతో నాలుగేసి రూపాలు ఏర్పడతాయి. మొత్తం 56. ఈ పరిమిత లెక్క ప్రకారమే 10,000 నామాలకు 5,60,000 రూపాలు కావాలి. క్రియలు, సమాసాలు, సంధులు ఇందులో చేరలేదు. రూపాలన్నిటినీ వరుసగా రాసిన పదపట్టికతో ఈ భాషను అందుకోవడం సాధ్యం కాదు.

హన్‌స్పెల్ విధానంలో ప్రాతిపదికలు ఒక ఫైలులో, ప్రత్యయసూత్రాలు మరొక ఫైలులో ఉంటాయి. సూత్రం మూడు విషయాలు చెబుతుంది: పదాంతంలో ఏది తొలగించాలి, ఏది చేర్చాలి, ఏ స్థితిలో చేయాలి. సున్నతో ముగిసే మాటలకు 'సున్న తొలగించి ఆత్వంతో కూడిన న్ని చేర్చు' అన్న ఒక్క సూత్రం పొలం నుండి పొలాన్ని, గ్రామం నుండి గ్రామాన్ని, మండలం నుండి మండలాన్ని ఇస్తుంది. 'నీరు' నుండి 'నీటి', 'ఏరు' నుండి 'ఏటి' రావడానికి మరొక సూత్రం కావాలి. అదే రు-కారాంతమైన 'ఊరు'కు 'ఊటి' రాదు, 'ఊరి' వస్తుంది. కాబట్టి పదాంతాన్ని చూసి మాత్రమే సూత్రాన్ని వర్తింపజేయలేము. ప్రతి ప్రాతిపదికకు అది ఏ వర్గానికి చెందుతుందో గుర్తు ఇవ్వాలి. ఈ పని వ్యాకరణం తెలిసినవారు చేయవలసింది.

హన్‌స్పెల్‌ను లాస్లో నేమెత్ హంగేరియన్ భాష కోసం రూపొందించాడు. హంగేరియన్ కూడా తెలుగువలె ప్రత్యయాలు వరుసగా చేరే భాష. అందువల్ల ఒక ప్రత్యయంపై మరొక ప్రత్యయం చేరడాన్ని, అనగా రెండు అంచెలను, హన్‌స్పెల్ అనుమతిస్తుంది. తెలుగుకు రెండు అంచెలు ఒక్కొక్కసారి చాలవు. 'పొలం' నుండి 'పొలాల' మొదటి అంచె, 'పొలాలకు' రెండవది. 'పొలాలకే' మూడవది అవుతుంది. అటువంటిచోట 'కు'ను, ఏకారాన్ని కలిపి 'కే' అనే ఒకే ప్రత్యయంగా రాసుకోవాలి. సాధ్యమే కాని సూత్రాల సంఖ్య వేగంగా పెరుగుతుంది.

ఇటువంటి భాషలవారు మరో దారి కూడా తొక్కారు. ఫిన్నిష్‌కు వోయిక్కో, తుర్కీకి జెంబెరెక్ అనే పదవిశ్లేషకాల ఆధారంగా స్పెల్‌చెకర్లు వచ్చాయి. మన పొరుగున మలయాళానికి సంతోష్ తొట్టింగల్ రూపొందించిన ఎమ్ఎల్‌మార్ఫ్ అనే పదస్వరూప విశ్లేషకం స్పెల్‌చెకర్‌కు ఆధారమైంది. తెలుగులో హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రంలో ఆచార్య గారపాటి ఉమామహేశ్వరరావు బృందం పదస్వరూప విశ్లేషకంపై చిరకాలం కృషి చేసింది. టెక్స్ట్ ఎడిటర్‌లో రాసే వ్యక్తికి అటువంటి విశ్లేషకం సులభంగా జతపడేటట్లు చేయడం ముందున్న పని.

సూత్రాలు ఉదారంగా ఉంటే ఎదురయ్యే ప్రమాదాన్ని కూడా గుర్తించాలి. అన్ని పదాలకు అన్ని ప్రత్యయాలు చేరవచ్చని రాస్తే ఎర్రగీతలు తగ్గుతాయి. భాషలో లేని రూపాలు కూడా అంగీకారం పొందుతాయి. ఎంత మంచి సూత్రాలున్నా, సరైన పదమే తప్పుచోట పడినప్పుడు ఈ పరికరాలు మౌనంగా ఉంటాయి. 'కాలువ' అనవలసినచోట 'కలువ', 'నారు' అనవలసినచోట 'నీరు', 'అర్ధశతాబ్ది' అనవలసినచోట 'అర్థశతాబ్ది' పడితే మనిషి కన్నే పట్టుకోవాలి.

5. అందుబాటులో ఉన్న పరికరాలు:

టెక్స్ట్ ఎడిటర్‌లో కనిపించే స్పెల్‌చెకర్ రెండు భాగాల కలయిక. ఎర్రగీత చూపేది ఎడిటర్, నిర్ణయించేది దాని వెనుక ఉన్న యంత్రాంగం. ఎంపిక చేయవలసింది ముఖ్యంగా ఈ రెండవదానిని.

ఐస్పెల్: ఈ వరుసలో పాతది. ఒక్కొక్క అక్షరానికి ఎనిమిది బిట్ల సంకేతం అన్న కాలానికి చెందినది. యూనికోడ్ తెలుగుకు పనికిరాదు. ఈమాక్స్‌లోని స్పెల్‌చెకింగ్ సదుపాయానికి ఇప్పటికీ దీని పేరే ఉన్నందువల్ల, వెనుక ఏ యంత్రాంగం నడుస్తున్నదో రచయిత సరిచూసుకోవాలి.

ఆస్పెల్: కెవిన్ అట్కిన్సన్ రూపొందించిన గ్నూ పరికరం. యూనికోడ్ పత్రాలను చదువుతుంది. తెలుగు పదపట్టిక కూడా దీనికి లభిస్తుంది. టెక్, హెచ్‌టిఎమ్‌ఎల్ వడపోతల్లో ఇది నేర్పరి. అయితే రెండు అంచెల ప్రత్యయాలకు ఇందులో చోటు లేదు. తెలుగుకు ఇది పెద్ద లోపం.

హన్‌స్పెల్: లిబ్రెఆఫీసు, ఫైర్‌ఫాక్సు వంటివాటిలో పనిచేసేది ఇదే. లిబ్రెఆఫీసు నిఘంటువుల సముదాయంలో తెలుగు నిఘంటువు ఉంది. యూనికోడ్‌ను పూర్తిగా గుర్తిస్తుంది. టెక్, హెచ్‌టిఎమ్‌ఎల్ పత్రాలను చదివే పద్ధతులున్నాయి. తరచుగా జరిగే దోషాలను పట్టికగా ఇచ్చి సూచనలను మెరుగుపరచవచ్చు. ద-ధ, ల-ళ, న-ణ, శ-ష-స తారుమారు కావడం తెలుగులో సాధారణం కనుక ఈ పట్టిక ఎంతో ఉపయోగకరం. దాని ప్రత్యయ ఫైలు సాదా పాఠమే కాబట్టి ఎవరైనా తెరిచి చూడవచ్చు. అందులో ప్రత్యయసూత్రాలు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ తెలుగు నిఘంటువు వట్టి పదపట్టికో, సూత్రసహితమో తెలుస్తుంది.

విమ్: ఏడవ కూర్పు నుండి ఈ ఎడిటర్‌లోనే స్పెల్‌చెకర్ ఉంది. పాఠానికి రంగులు వేసే నియమాల ఆధారంగా ఏ భాగాన్ని పరిశీలించాలో నిర్ణయించుకోవడం దీని విశేషం. హన్‌స్పెల్ నిఘంటువులను తన రూపంలోకి మార్చుకోగలదు కాని హన్‌స్పెల్ ఆదేశాలన్నిటినీ పాటించదు. మార్చిన తరువాత మళ్లీ పరీక్షించాలి.

ఎన్‌చాంట్: ఇది స్వయంగా నిర్ణయం చేయదు. హన్‌స్పెల్, ఆస్పెల్, వోయిక్కో మొదలైనవాటికీ ఎడిటర్‌కూ మధ్యవర్తిగా ఉంటుంది. ఇవాళ హన్‌స్పెల్‌తో పనిచేస్తూ, రేపు మెరుగైన తెలుగు విశ్లేషకం జతపడితే ఎడిటర్‌ను మార్చకుండా దానికి మారే అవకాశాన్ని ఇస్తుంది.

6. స్థానిక పదజాలం, ప్రాజెక్టు పదపట్టిక:

ఏ సాధారణ నిఘంటువూ ఒక ప్రాంతపు మాటలన్నిటినీ ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వెలువరించడానికి వెనుక ఉన్న ఎరుక ఇదే. వృత్తిదారుల నోట ఉన్న మాటలు సాధారణ నిఘంటువుల్లో లేవు. నిజాంసాగర్ ప్రాంత చరిత్రకు మత్తడి, శిఖం, తూము, ఆయకట్టు, కుంట, పట్వారీ వంటి మాటలు కావాలి. కోస్తావారు అలుగు అనే దానిని తెలంగాణవారు మత్తడి అంటారు. ఒకదానిని సాధువనీ మరొకదానిని దోషమనీ యంత్రం చెప్పకుండా చూసుకోవలసినది రచయితే.

హన్‌స్పెల్‌లోని వ్యక్తిగత పదపట్టికకు ఇక్కడ రెండు ఉపయోగాలున్నాయి. మొదటిది, కొత్త మాట పక్కన గీతగీసి నమూనా మాటను రాసే వీలు. 'పిట్లం/గ్రామం' అని రాస్తే, నిఘంటువులో 'గ్రామం' అనే మాటకు ఉన్న సూత్రాలన్నీ 'పిట్లం'కు వర్తించి పిట్లంలో, పిట్లానికి మొదలైన రూపాలు అంగీకారం పొందుతాయి. వ్యాకరణ సూత్రాలు రాయడం తెలియని రచయిత కూడా ఊరిపేర్లను ఈ విధంగా చేర్చుకోవచ్చు. నిఘంటువు సూత్రసహితమైనప్పుడే ఇది ఫలిస్తుందన్నది గుర్తుంచుకోవాలి. రెండవది, మాటకు ముందు నక్షత్రం గుర్తు పెట్టి దానిని నిషేధించే వీలు.

ఈ నిషేధం సంపాదకుడికి మంచి సాధనం. నిజాంసాగర్, నిజామ్‌సాగర్, నిజాంసాగరు. మంజీర, మంజీరా, మాంజ్రా. బాన్సువాడ, బాన్స్‌వాడ అనే రూపాలన్నీ వాడుకలో ఉన్నవే. వీటిలో ఏది సరైనదో స్పెల్‌చెకర్ తేల్చలేదు. సంపాదకుడు ఒక రూపాన్ని నిర్ణయించి, మిగిలినవాటిని నిషేధిస్తే పత్రం అంతటా ఏకరూపత సాధ్యమవుతుంది. పాత పత్రాల నుండి ఉద్ధరించిన భాగాల్లో మాత్రం మూలంలోని రూపమే ఉండాలి. ఆ భాగాలను ఉద్ధరణ ట్యాగులో ఉంచి, ఆ ట్యాగును పరిశీలన నుండి మినహాయించాలి. మార్కప్ పత్రం ఇచ్చే అసలైన సౌకర్యం ఇది. సాదా పాఠంలో ఈ మినహాయింపు సాధ్యం కాదు.

పదపట్టికను ఒక వ్యక్తి కంప్యూటరులో కాకుండా పత్రంతోపాటే ఉంచాలి. రచన చేతులు మారినప్పుడు పట్టిక కూడా వెంట వెళుతుంది. కాలక్రమంలో అది ఆ ప్రాంతపు పదకోశానికి పునాది కాగలదు.

7. ఎంపికకు ముందు చేయవలసిన పరీక్ష:

పరికరాన్ని నమ్ముకొని రచన ప్రారంభించే ముందు ఒక చిన్న పరీక్షాపత్రం తయారుచేసుకోవడం మంచిది. ఈ కింది అంశాలు దానికి నమూనా.

అంగీకరించవలసినవి:
* చెరువులోనే, పొలాన్ని, పొలాలకే, నీటిని, ఊళ్లలో, కూరగాయలు
* నిజాంసాగర్‌లో (విభాజకంతో, ఎర్రగీత ఏ ముక్క కిందా లేకుండా)
* 1923లో
* ఐత్వం రెండు విధాలుగా రాసిన 'పైన' అనే మాట

నిరాకరించవలసినవి:
* పొలంని, నీరుని, ఊటిలో (ఊరు అనే అర్థంలో)
* విధ్యార్థి, కాలువాలు
* ప్రాజెక్టు నిషేధించిన రూపాలు

వదలవలసినవి:
* తెలుగు లిపిలోని ట్యాగు పేర్లు, లక్షణాల విలువలు, వెబ్ చిరునామాలు
* ఉద్ధరణ ట్యాగులోని పాఠం

వీటిలో 'కూరగాయలు' వంటి మాట ప్రత్యేకంగా గమనింపదగినది. 'కూర', 'కాయలు' కలిసినప్పుడు కకారం గకారమవుతుంది. విడి పదాలను యథాతథంగా కలిపి సమాసాలను గుర్తించే సూత్రాలు ఈ మార్పును చూడలేవు. ఇటువంటివి ప్రాతిపదికలుగా నిఘంటువులో ఉండటం మేలు.

పరీక్షాపత్రంలో నిరాకరించవలసిన వాటికి కూడా అంగీకరించవలసిన వాటితో సమానమైన చోటు ఇవ్వాలి. కొత్త పరికరాన్ని చూసేవారు సాధారణంగా సరైన పదాలను అంగీకరిస్తుందా అని మాత్రమే చూస్తారు. అన్నిటినీ అంగీకరించే పరికరం కూడా ఆ పరీక్షలో నెగ్గుతుంది.

8. ముగింపు:

* మార్కప్ పత్రాల తెలుగు స్పెల్‌చెకర్‌ను నిఘంటువు పరిమాణాన్ని బట్టి కాక, వడపోత, పదవిభాగం, ప్రత్యయ జ్ఞానం అనే మూడు దశల్లోనూ పరీక్షించి ఎంచుకోవాలి. తెలుగుకు రెండవ, మూడవ దశలు నిర్ణాయకం.
* లభిస్తున్నవాటిలో హన్‌స్పెల్ యంత్రాంగం తెలుగు స్వభావానికి దగ్గరగా ఉంది. దానిని ఈమాక్స్ ద్వారా గాని, ఎన్‌చాంట్‌ను వాడే మరొక ఎడిటర్ ద్వారా గాని ఉపయోగించడం మేలు. సంక్లిష్టమైన టెక్ పత్రాల్లో ఆస్పెల్ వడపోత అదనపు సహాయం చేయగలదు.
* విభక్తితో కూడిన పూర్తి పదాన్ని ట్యాగులోనే ఉంచి ప్రాతిపదికను లక్షణంగా ఇవ్వడం రచన మొదట్లోనే పాటించవలసిన నియమం. ఏ స్పెల్‌చెకర్‌నైనా ఇది మెరుగుపరుస్తుంది.
* సున్న వెడల్పు విభాజకాన్ని పదంలో భాగంగా ప్రకటించడం, యూనికోడ్ ప్రమాణీకరణ జరపడం, చివరగా ట్యాగులు తొలగించిన పాఠాన్ని మళ్లీ పరిశీలించడం వల్ల వృథా హెచ్చరికలు తగ్గి, నిజమైన దోషాలు బయటపడతాయి.
* ఊరిపేర్లు, మాండలికాలు, వృత్తిపదాల విషయంలో తుది నిర్ణయం సంపాదకుడిదే. ఆ నిర్ణయాలను ప్రాజెక్టు పదపట్టికగా పత్రంతోపాటు భద్రపరచాలి. మత్తడి, శిఖం వంటి మాటలను యంత్రం సూచనకు వదులుకోకుండా నిలుపుకోవడానికి ఇదే మార్గం.